ముప్పది పాఠశాలలు

పరీక్షాఫలితములు వెలువడిన మఱునాడు మన పట్టణములలో గోడగోడకు నొక్క పటము వెలయుచుండును. అందు నూటికి నూరు మార్కులు గొన్న బాలబాలికల ముఖములు, ముఖముల క్రింద అంకెలు, అంకెల క్రింద సంస్థల పేరులు. ఆ ముఖములను జూచి మేమును సంతసింతుము. ఆ బిడ్డల శ్రమను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని ఆ పటములకెక్కని ముఖము లెన్ని? ఏండ్లతరబడి బడికి బోయి, ఉన్నతపాఠశాల గడప దాటియు, తన తల్లిభాషలో రెండవతరగతి వాచకమును తడబడక చదువలేని బిడ్డ పటము నెవరు గట్టుదురు? దేశభవిష్యత్తు పటములకెక్కిన కొలదిమంది చేతులలో నెంత గలదో, ఎక్కని యనేకుల చేతులలో నంతకంటె నెక్కువగా గలదు.

ఇది మా యూహ గాదు. ‘ప్రథమ్’ అను స్వచ్ఛందసంస్థవారి ‘అసర్’ నివేదిక కొఱకు 2023లో 26 రాష్ట్రములందలి 28 జిల్లాల పల్లెలలో 14 మొదలు 18 ఏండ్ల వయస్సుగల 34,745 మంది యువజనులను ప్రశ్నించి చూచిరి. వారిలో నూటికి 86 మందికి పైగా ఏదో యొక విద్యాలయమున చేరియున్నవారే. అయినను ఇంచుమించు నాలుగవవంతు మంది తమ ప్రాంతీయభాషలో రెండవతరగతి పాఠమును ధారాళముగ చదువజాలకపోయిరి. మూడంకెల సంఖ్యను ఒక్క యంకెతో భాగింపగలిగినవారు నూటికి 43 మంది మాత్రమే. బడి లేక చదువురాకపోవుట యొకనాటి దుఃఖము. బడిలో గూర్చుండియు చదువురాకపోవుట నేటి దుఃఖము.

ఈ దుస్థితికి మందు బోధనాపద్ధతిని మార్చుటయే యని చెప్పువారు పెక్కుమంది గలరు. ఉపాధ్యాయుడు చెప్పుట, విద్యార్థి వ్రాసికొనుట, వ్రాసికొన్నదానిని వల్లించుట, వల్లించినదానిని పరీక్షలో నప్పగించుట, ఈ నాలుగు మెట్ల చదువు పోవలెననియు, బాలురు చేతులతో చేసి, కన్నులతో చూచి, తమలో తాము తర్కించి నేర్చుకొను చదువు రావలెననియు వారి వాదము. వారికి ప్రతివాదులును గలరు. ఈ యాటపాటలు చిన్నబడులకు దగును గాని, పదవతరగతి బాలుని భవిష్యత్తుతో ఆటలాడదగదని వీరందురు. ఒకరు క్రొత్తపద్ధతిని కల్పవృక్షమని కొనియాడుచున్నారు. మఱొకరు దానిని కాలహరణమని త్రోసిపుచ్చుచున్నారు. నడుమ బాలుడు గైడు చేతబట్టుకొని బిట్లు వల్లించుచునే యున్నాడు.

ఈ వివాదము నినాదములతో తెగునది కాదు. ఉన్నతపాఠశాలలలో క్రొత్తపద్ధతులు ప్రయోగింపబడిన చోట్ల బాలుర కేమి లభించెను, ఏమి పోయెను అను ప్రశ్నకు లెక్కగట్టిన జవాబులు గలవు. వానిని పరికించినమీదట మాకు తోచినది యిది: క్రొత్తపద్ధతి ఫలించును, కాని రెండు నియమములకు లోబడి ఫలించును. ఉపాధ్యాయుని సిద్ధపఱచి, అతనికి తగిన వ్యవధి నొసగుట మొదటిది. నేర్పినదానినే కొలుచు పరీక్షను పెట్టుట రెండవది. ఈ రెండింటిని విడిచి పద్ధతిని మాత్రము మార్చుట, విఱిగిన యిరుసు నట్లే యుంచి బండికి క్రొత్తచక్రములు దొడుగుట వంటిది.

పరదేశపు దృష్టాంతముతో మొదలిడుచున్నందుకు పాఠకులు మన్నింతురు గాక. ఉన్నతపాఠశాలల విషయమున అంత ధైర్యముతోను, అంత శ్రద్ధతోను జరిగిన ప్రయోగము అరుదు గనుక దానిని విడిచిపోజాలము. 1930లో అమెరికా సంయుక్తరాష్ట్రములందలి ప్రగతిశీల విద్యాసంఘమువారు వాషింగ్టను నగరమున గూడి, తమ యున్నతపాఠశాలలు ఏల మారజాలకున్నవని విచారించిరి. వారికి ముఖ్యముగ గోచరించిన యడ్డంకి కళాశాలాప్రవేశ నియమములు. కళాశాల ఏయే విషయములను చదివి రావలెనని శాసించునో పాఠశాల వానినే నేర్పును. ఆ కాలమున ఆ దేశమున ఉన్నతపాఠశాలలో చేరిన ఆర్గురిలో కళాశాలకు బోవువాడొక్కడే. ఆ యొక్కని కొఱకు తక్కిన యైదుగురి చదువును బంధింపబడియుండెను. మన పదవతరగతికిని, ఇంటర్మీడియటుకును, ఇంజనీరింగు ప్రవేశపరీక్షకును నడుమనున్న సంబంధము నెఱిగినవారికి ఈ మాట క్రొత్తగా తోచదు.

సంఘమువారు విల్ఫర్డ్ ఐకిన్ అధ్యక్షతను ఒక మండలి నేర్పఱచి కళాశాలలతో సంప్రదించిరి. ఎన్నుకొన్న సుమారు ముప్పది యున్నతపాఠశాలలనుండి వచ్చు విద్యార్థులను మామూలు నియమములతో నిమిత్తము లేక, పాఠశాలవారి సిఫారసును, విద్యార్థి చేసిన పనిని జూచి చేర్చుకొందుమని మూడువందలకు పైబడిన కళాశాలలు సమ్మతించినవి. 1933లో పని మొదలాయెను. ఎనిమిది సంవత్సరములు సాగినందున దానికి ‘ఎనిమిదేండ్ల పరిశోధన’ యని పేరు వచ్చినది.

లభించిన స్వేచ్ఛతో ఆ పాఠశాల లేమి చేసినవి? అన్నియు నొక్కదారిని నడువలేదు. కొన్నిచోట్ల చరిత్రకును సాహిత్యమునకును నడుమనున్న గోడను తొలగించి, బాలురు తమ చుట్టునున్న సంఘపు సమస్యలను దీసికొని విచారించునట్లు చేసిరి. కొన్నిచోట్ల ఏమి చదువవలెనో ఉపాధ్యాయులు విద్యార్థులతో గూర్చుండి యోచించిరి. మఱికొన్నిచోట్ల మార్పు స్వల్పమే. 1936 మొదలు వేసవిసెలవులలో ఉపాధ్యాయులు కొన్నివారములు ఒక్కచోట గూడి, తమ పాఠములను తామే నిర్మించుకొనుట నేర్చిరి. రాల్ఫ్ టైలర్ అను విద్యావేత్త ఆధ్వర్యమున పరీక్షలును క్రొత్తవి పుట్టినవి. ఏమి జ్ఞాపకమున్నదని యడుగుటతో వారు తృప్తిపడలేదు. ఇచ్చిన యాధారములనుండి బాలుడు ఎంతవఱకు న్యాయముగ నిర్ణయము చేయగలడో, తెలిసిన సూత్రమును తెలియని సందర్భమున నెట్లు వినియోగింపగలడో కొలుచు సాధనములను రచించిరి. పద్ధతి, ఉపాధ్యాయుడు, పరీక్ష, ఈ మూడును ఒక్కసారిగా కదలినవి. ఆ ప్రయోగపు రహస్య మిదియే యని మా నమ్మకము.

ఇక ఫలితము. ఈ పాఠశాలలనుండి కళాశాలలకు బోయినవారిలో 1,475 మందిని దీసికొని, ప్రతివారికిని మామూలు పాఠశాలనుండి వచ్చిన యొక జోడును వెదకిరి. వయస్సు, బుద్ధిసామర్థ్యము, కుటుంబస్థితి, పెరిగిన యూరు, అభిరుచులు మొదలగువానిలో సాధ్యమైనంత సమానులను జతగూర్చిరి. పిదప కళాశాలలో నిరువురి ప్రవర్తనమును పోల్చిచూచిరి. సగటు మార్కులలో క్రొత్తపాఠశాలలవారు ఒక్కింత మిన్నగ నుండిరి. పరభాషల చదువున మాత్రము ఆ యాధిక్యము కానరాలేదు. విద్యాగౌరవములు వారికే యెక్కువగ దక్కెను. జిజ్ఞాసయందును, క్రమబద్ధమైన యాలోచనయందును, క్రొత్తచిక్కు లెదురైనపుడు ఉపాయము పన్నుటయందును, లోకవ్యవహారములపై శ్రద్ధయందును వారు ముందుండిరి. అన్నింటికంటె గమనింపదగినది మఱొకటి గలదు. పాతదారికి మిక్కిలి దూరముగ బోయిన పాఠశాలల విద్యార్థులు తమ జోడువారిని మఱింత స్పష్టముగ మించిరి. పేరునకు మాత్రము మారిన పాఠశాలలవారికిని మామూలువారికిని భేదము స్వల్పమాయెను.

దీనిని వేదవాక్యముగ గొనుమని మేము చెప్పము. ఆ పాఠశాలలు ఎన్నికచేయబడినవి. వానిలో కొన్ని సంపన్నులవి. జతగూర్చి లెక్కింపబడినవారు కళాశాలకు బోగలిగినవారు. మన జిల్లాపరిషత్ ఉన్నతపాఠశాలలో చేరి, వరినాట్ల దినములలో తల్లివెంట కూలికి బోవు బాలికకు ఆ ఫలితము ఉన్నదున్నట్లు వర్తించునని యనుట సాహసము. కాని ఒక్క భయమును మాత్రము ఆ ప్రయోగము సడలించినది. నిర్ణీతపాఠ్యక్రమము తప్పినచో బాలుడు పైచదువులలో పడిపోవునను భయ మది. పడిపోలేదు, పైగా నిలద్రొక్కుకొనెను. అయినను 1942లో ఆ నివేదికలు వెలువడునప్పటికి లోకము యుద్ధమున మునిగియుండెను. వానిని పట్టించుకొనినవారు కొలదిమంది. పరీక్షలును ప్రవేశనియమములును మఱల బిగిసినవి. ప్రయోగమున పాల్గొన్న పాఠశాలలలోనే పెక్కు పాతదారికి మరలినవి. ఫలించిన చెట్టును సయితము నీరు పోయనివారు ఎండగట్టగలరు.

మన మొదటి నియమమునకు, అనగా ఉపాధ్యాయుని విషయమునకు వత్తము. క్రొత్తపద్ధతి యనగా ఉపాధ్యాయుడు నోరు మూసికొని కూర్చుండుటయని మిత్రులును శత్రువులును గూడ భావించుచున్నారు. లెక్కలు వేఱుగ చెప్పుచున్నవి. 1998లో రిచర్డ్ హేక్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఉన్నతపాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయములందలి 62 తరగతుల, 6,542 మంది విద్యార్థుల వివరములను ప్రకటించెను. బలము, చలనము మొదలగు మూలభావములు విద్యార్థులకు ఎంతవఱకు పట్టుబడెనో పాఠములకు ముందును తరువాతను పరీక్షించిరి. నేర్వవలసి మిగిలియున్నదానిలో, ఉపన్యాసము విన్న తరగతులు సగటున నూటికి 23 పాళ్లు నేర్చినవి. తామే ప్రయత్నించి, తోడివారితో చర్చించి, తప్పును అక్కడికక్కడ దిద్దుకొన్న తరగతులు 48 పాళ్లు నేర్చినవి. భేదము రెట్టింపు.

అట్లని బాలుని నడిసముద్రమున విడిచి, ఈదుకొమ్మనుట పద్ధతి యగునా? 2011లో వెలువడిన యొక సమీక్ష 164 అధ్యయనములను గుదిగ్రుచ్చి చూచినది. ఏ సాయమును చేయక ‘నీవే కనుగొనుము’ అని విడిచిన చోట, విడమరచి చెప్పిన పాఠమే మేలాయెను. ప్రశ్నించుచు, సూచన లిచ్చుచు, తప్పు దిద్దుచు, వెంటనుండి కనుగొనజేసిన చోట, ఆ పద్ధతి తక్కినవానిని మించెను. కాబట్టి క్రొత్తపద్ధతిలో గురువు పని తగ్గదు, పెరుగును. నలువదిమందికి ఒక్క మాట చెప్పుట సులభము. నలువదిమంది మనసులలో నలువది విధములుగ చిక్కుపడిన ముడిని విప్పుట కష్టము. ఆ కష్టమునకు కావలసిన శిక్షణమును, తీరికను, తోడ్పాటును ఇయ్యక, ‘నేటినుండి కృత్యములద్వారా బోధింపుడు’ అని యొక ఉత్తరువు పంపినచో నేమగును? ఉపాధ్యాయుడు పాతపాఠమునే చెప్పి, తనిఖీదారుని కొఱకు క్రొత్త రిజిస్టరు నింపును. అతనిని నిందింపజాలము.

ఇది యంతయు పరదేశపు మాట యనువారికి మనదేశపు మాటయే చెప్పెదము. 1972లో మధ్యప్రదేశమునందు, నేడు నర్మదాపురమని పిలువబడు హోషంగాబాద్ జిల్లాలో, కిశోర్ భారతి అను సంస్థయు, రసూలియాలోని మఱొక సంస్థయు గలిసి 16 పాఠశాలలలో విజ్ఞానశాస్త్రబోధనకు క్రొత్తదారి త్రొక్కినవి. అవి పల్లెటూరి బడులు. ఆరు మొదలు ఎనిమిది వఱకు తరగతులు. ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు, బొంబాయిలోని టాటా మౌలికపరిశోధన సంస్థనుండియు శాస్త్రజ్ఞులు ఆ యుపాధ్యాయులతో గూర్చుండి పాఠములను రచించిరి. బాలురు నలుగురేసి జట్టుగ కూడి, ప్రయోగము చేసి, చూచినదానిని వ్రాసికొని, వచ్చిన నిర్ణయమును తరగతిలో వాదించి నిలుపుకొనవలెను. ఖరీదైన పరికరములు లేవు. పువ్వును విప్పి చూచుటకు సూది కావలసివచ్చినచోట తుమ్మముల్లు సూది యయ్యెను.

ఆ ప్రయోగము నడిపినవారు పరీక్ష నేమి చేసిరో చూడుడు. బాలుడు పుస్తకము తెఱచికొని పరీక్ష వ్రాయవచ్చును. పుస్తకములో జవాబు దొరకదు; ఏలయన ప్రశ్న ఆలోచనను గూర్చినది. వ్రాతపరీక్షతోబాటు చేతిపరీక్షయు గలదు. ఉపాధ్యాయులకు వేసవిశిక్షణము, ఆపై నెలనెల సమావేశము. పాఠము చెప్పుచు తాము పడ్డ చిక్కులను వారచట కలిసి విప్పుకొనిరి. 1978లో ఆ పద్ధతి జిల్లా యంతటను వ్యాపించెను. 1982లో ‘ఏకలవ్య’ అను సంస్థ యేర్పడి దాని భారమును వహించెను. పదునాఱు బడులతో మొదలైనది క్రమముగ పదునైదు జిల్లాలలో సుమారు వేయి బడుల కెక్కెను. మామూలు ప్రభుత్వోపాధ్యాయులే దానిని నడిపిరి. పల్లెటూరి బడిలో, పేదబిడ్డల నడుమ, జీతముల పెంపు లేని గురువుల చేత ఇట్టి చదువు సాధ్యము కాదనువారికి ముప్పదేండ్ల ప్రత్యుత్తర మది.

కాని ఆ ప్రవాహము ఎనిమిదవ తరగతి గట్టుకడ నాగిపోయెను. తొమ్మిదవ తరగతిలో అడుగిడిన బాలునికి మఱల పాతపుస్తకము, పాతప్రశ్నాపత్రము, వానివెనుక బోర్డుపరీక్ష. మూడేండ్లు ‘ఏల?’ అని యడుగ నేర్చినవానికి ఇక ‘ఎన్ని మార్కులు?’ అని యడుగుటయే మిగిలెను. తక్కిన రాష్ట్రమంతటికి నొక పుస్తకము, ఈ జిల్లాలకు మఱొక పుస్తకము ఏలయను ఆక్షేపణలు బయలుదేరినవి. 2002లో రాష్ట్రప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసెను. క్రింది మెట్లను మార్చి పైమెట్టును మార్చని సంస్కారమునకు ఎట్టి గతి పట్టునో హోషంగాబాద్ మనకు చెప్పుచున్నది.

రెండవ నియమమైన పరీక్షను గూర్చి ఢిల్లీ నగరమున జరిగిన యొక పరిశోధన ఇంకను సూటిగ చెప్పుచున్నది. 2015లో ఆ నగరమున 619 మంది విద్యార్థులను దీసికొని, చీట్లు వేసి, కొందఱికి బడి విడిచిన పిమ్మట కంప్యూటరు సాయముతో బోధించు కేంద్రములలో ఉచితముగ స్థానమిచ్చిరి. ఆ కంప్యూటరు మొదట బాలుని నిజమైన మట్టమును కనుగొనును. తరగతి యేదైనను, అతడున్నచోటనుండియే పాఠము మొదలిడును. ఆరవతరగతిలో నున్న సగటు బాలుడు గణితమున రెండున్నర తరగతులు వెనుకబడియున్నట్లు అచట తేలెను. నాలుగున్నర నెలలలో ఆ కేంద్రములకు స్థానము లభించినవారు తక్కినవారికంటె గణితమున ప్రామాణికవిచలనములో 0.37 వంతును, హిందీలో 0.23 వంతును అధికముగ ముందునకు సాగిరి. ఇది గొప్ప లాభము. మిక్కిలి వెనుకబడినవారికిని ఆ లాభము దక్కెను. అయితే ఆ వెనుకబడినవారి యభివృద్ధి వారి బడిపరీక్షలలో కానరాలేదు. ఏలయన మూడవతరగతి మట్టమునుండి అయిదవతరగతి మట్టమునకు ఎదిగిన బాలుని, ఎనిమిదవతరగతి ప్రశ్నాపత్రము గుర్తింపజాలదు. బాలుడు రెండుమెట్లు ఎక్కెను. కొలబద్ద మాత్రము వానిని ‘సున్న’ యనెను.

పాఠకులు ఈ విషయమును నిదానముగ విచారింతురు గాక. ఇట్టి కొలబద్దను చేతబట్టుకొని ఒక పద్ధతి ఫలించెనో లేదో ఎట్లు నిర్ణయింతుము? జ్ఞాపకమును మాత్రమే కొలుచు పరీక్షలో, జ్ఞాపకమును మాత్రమే పెంచు పద్ధతి గెలుచుట ఆశ్చర్యమా? మన పట్టణములందలి వసతికళాశాలలలో తెల్లవాఱకముందే మొదలై రాత్రి ప్రొద్దుపోవువఱకు సాగు స్టడీ అవర్లను మనము నిందింతుము. కాని ఆ సంస్థలు పరీక్ష అడిగినదానిని అందించుచున్నవి. వ్యాపారి బజారును సృష్టింపలేదు, పరీక్ష సృష్టించినది.

మన తెలుగుసీమకు ఈ విషయము క్రొత్త కాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మున్నగు పెద్దలు ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పినపుడు, చేతిపనిని, చిత్రకళను, శాస్త్రమును ఒక్క కప్పుక్రిందకు దెచ్చిరి. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతను జరిగిన విద్యాసభయు, పిదప జాకీర్ హుసేన్ సంఘమువారి నివేదికయు, చేతిపని నాధారముగ గొని ఏడేండ్ల విద్యను మాతృభాషలో నడుపవలెనని కోరినవి. ఆ యాశయములయందు లోపమున్నదని మేమనజాలము. అయినను స్వరాజ్యము వచ్చిన పిమ్మటను మౌలికవిద్య ప్రక్కసందుగానే మిగిలెను. ఉద్యోగమునకును, విశ్వవిద్యాలయమునకును బోవు రాజమార్గము పరీక్షల చదువునదే. రెండు దారులున్నపుడు, ఏ దారి చివర ద్వారము తెఱచియున్నదో తల్లిదండ్రులు ఆ దారినే బిడ్డను నడిపింతురు. వారి వివేకమును తప్పుపట్టుట యన్యాయము. మార్చవలసినది ద్వారమును.

నేటి ప్రభుత్వములు చేయుచున్నదేమి? 2020 నాటి జాతీయ విద్యావిధానము అనుభవపూర్వకమైన బోధనను, వల్లెవేతకు స్వస్తిని, అవగాహనను కొలుచు బోర్డుపరీక్షలను కోరుచున్నది. మాట మంచిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరులో ప్రభుత్వపాఠశాలలందలి 8వ తరగతి విద్యార్థులకు పాఠములు నింపిన ట్యాబులను పంచినది. పేదబిడ్డ చేతికి యంత్రము వచ్చుటను మేమాక్షేపింపము. కాని పరికరము పద్ధతి కాదు. ఢిల్లీలో మేలు చేసినది తెర కాదు. బాలుడున్న మెట్టునుండి మొదలిడుట. బాలుని మట్టమును కనుగొనక, తరగతికి విధించిన పాఠమునే నల్లబల్లమీదినుండి తెరమీదికి దెచ్చినంతమాత్రమున వెనుకబడినవాడు ముందునకు రాడు.

ఇచట నొక గట్టి ఆక్షేపణ గలదు. దానిని దాటిపోవుట న్యాయము గాదు. పబ్లికుపరీక్ష కఠినమే కావచ్చును. కాని అది పేదవాని మిత్రము. పేరు చూడదు, కులము చూడదు, సిఫారసు వినదు. పాలేరు కుమారుడు కలెక్టరైనది ఆ పరీక్షవలననే. దానిని సడలించి, ఉపాధ్యాయుని యంచనాకు మార్కుల నప్పగించినచో, పలుకుబడిగలవారు ఆ మార్కులను కొనుక్కొందురు. మిగిలిన ఆ యొక్క నిచ్చెనయు బడుగువానికి దక్కదు. ఈ భయము నిరాధారము గాదు. అంతర్గతమార్కులను అన్ని బడులును నిండుగ వేసికొనుట లోకమెఱిగినదే.

ఈ కారణముచేతనే మేము పరీక్షను తీసివేయుమని కోరుట లేదు, తీర్చిదిద్దుమని కోరుచున్నాము. పరీక్ష నిష్పక్షపాతముగ నుండవలెను. ఆ నిష్పక్షపాతము వల్లెవేతను మాత్రమే కొలువవలెనని నియమము లేదు. పుస్తకము తెఱచి వ్రాయు పరీక్షలోను సంఖ్యవేసి, పేరు దాచి, వేఱొక జిల్లావారి చేత దిద్దింపవచ్చును. పైగా నేటి పరీక్ష నిజముగ పేదవాని మిత్రమేనా? వేలకువేలు చెల్లించి బిట్లు కంఠస్థము చేయించుకొన్నవానికిని, గైడు కొనజాలనివానికిని నడుమ జరుగు పందెమున న్యాయ మెంత? ఆలోచనను కొలుచు ప్రశ్నకు అంగడిలో జవాబు దొరకదు. అట్టి పరీక్షయే పేదవానికి నిజమైన మిత్రము.

కావున ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు మే మొక్క ప్రతిపాదన చేయుచున్నాము. రాష్ట్రమున కొక్కొక్క ముప్పది యున్నతపాఠశాలలను ఎనిమిదేండ్లు విడిచిపెట్టుడు. అవి జిల్లాపరిషత్ పాఠశాలలు, గురుకులములు, మన్యపు బడులు కావలెను. సంపన్నుల బడులు కారాదు. ముందుకు వచ్చిన పాఠశాలలలోనుండి చీట్లు వేసి ఎన్నుకొనుడు. చీటి రానివానిని పోలికకై నిలుపుకొనుడు. ఆ ముప్పది పాఠశాలల బాలురకు మామూలు పదవతరగతి పరీక్షకు బదులు, అవగాహనను కొలుచు వేఱొక నిష్పక్షపాతమైన పరీక్షను పెట్టుడు. దాని పత్రమునకు సర్వవిధముల సమానమైన విలువ గలదని శాసింపుడు. ఆ బడులలోని యుపాధ్యాయులను ఆ గడువులో బదిలీ చేయకుడు. వేసవిలో శిక్షణమును, నెలనెల సమావేశమును ఏర్పాటుచేయుడు. బాలుడు ఆరవతరగతిలో నడుగిడిన నాటినుండి పదవతరగతి వఱకు అయిదేండ్లు, ఇంటర్మీడియటు రెండేండ్లు, డిగ్రీకళాశాలలో నొకయేడు, మొత్తము ఎనిమిది. ఒక్క తరము బాలురను మొదటినుండి చివరవఱకు చూచుటకు అంత గడువు కావలెను. ప్రభుత్వశాఖతో సంబంధములేని విద్వాంసులచేత ఫలితములను కొలిపించి, లాభమైనను నష్టమైనను దాచక ప్రకటింపుడు.

ఇది గొంతెమ్మకోరిక గాదు. వేలకొలది యున్నతపాఠశాలలు గల రాష్ట్రమున ముప్పది బడుల ఖర్చు లెక్కలోనిది గాదు. ఎనిమిదేండ్లలో మన ప్రాంతమున మంత్రులు మారుదురు, పుస్తకములు మారును, పథకముల పేరులు మారును. ఒక్క ప్రయోగమును దాని ఫలము పండువఱకు కదలింపక యుంచగల నిగ్రహము మనకు గలదా అనునదే ప్రశ్న. మొలకను వారమున కొకసారి పెఱికి వేరు పెరిగినదో లేదో చూచువాడు తోట పెంపజాలడు.

తల్లిదండ్రులకును, పఠనమందిరములందు ఈ పంక్తులను చదువు పెద్దలకును మా మనవి యొకటి గలదు. ప్రభుత్వము కదలువఱకు వేచియుండనక్కఱలేదు. మీ యూరి యున్నతపాఠశాలకు బోవుడు. మార్కుల సగటు నడుగకుడు. తొమ్మిదవతరగతిలో ఎందఱు ఒక పుట తెలుగును చదివి, తమ మాటలలో చెప్పగలరో యడుగుడు. గడచిన మాసమున ఎన్ని ప్రయోగములను బాలురు తమ చేతులతో చేసిరో యడుగుడు. ఉపాధ్యాయుని వెక్కిరించుటకు గాక, అతనికి తోడునిలుచుటకు అడుగుడు. ఊరివా రడుగని ప్రశ్నను ప్రభుత్వ మెన్నడును వినదు.

ఏ జాతియైనను తన బిడ్డలను ఏ ప్రశ్నల కుత్తరువాదులను జేయునో, ఆ ప్రశ్నలకు తగినట్లే యెదుగును. ఇతరులు చెప్పినదానిని తప్పులేక అప్పగించు ప్రజలు కావలెనా, తమంతట తాము విచారించి నిర్ణయింపగల పౌరులు కావలెనా? రెండవదే కోరుదుమేని, ఆ కోర్కెను మన ప్రశ్నాపత్రములలో వ్రాయుదము. ముప్పది పాఠశాలలతో మొదలిడుదము.